జానీ లీవర్ గురించి అడిగారు కదా

పిల్లలూ,

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూసి మీరు పడీపడీ నవ్వుతున్న ఆ మనిషి తెలుగువాడేనా అని అడిగారు. తెలుగువాడే. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న కనిగిరిలో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా అనేదే లేదు, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. ఆయన పెరిగింది మాత్రం ముంబైలో, ధారావిలో.

ఆయన చేసిన సినిమాలు మూడు వందలకు పైనే. ఆ లిస్టు మీకు ఎక్కడైనా దొరుకుతుంది, దానికి నా ఉత్తరం అక్కర్లేదు. నేను చెప్పాలనుకుంటున్నది వేరే సంగతి. స్టేజీ మీద నిలబడి వేలమందిని నవ్వించేవాడికి ఎదురుగా జనం ఉంటారు. సినిమా సెట్టులో ఆ జనం ఉండరు. అక్కడ నవ్వు వినపడదు. ఆరు నెలలకో ఏడాదికో ఎక్కడో ఏ థియేటర్లోనో నవ్వుతారు, అప్పుడు మనం అక్కడ ఉండం. అలాంటి చోటికి వెళ్ళి ఆయన ఎలా నెగ్గుకొచ్చారన్నదే నాకు ఆశ్చర్యం.

ముందు ఆయనకు చెవి ఎలా తయారైందో చెప్తాను. ధారావిలో ఒకే సందులో తమిళం, తెలుగు, మరాఠీ, గుజరాతీ, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళ రకరకాల హిందీ, అన్నీ కలిసి వినపడతాయి. వేరే ఊళ్ళో పిల్లలకు యాస అంటే సినిమాలో వినేది. అక్కడ పక్కింటివాళ్ళ మాటే అది. ముంబైలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ళ స్కూల్లో ఏడో తరగతి దాకా చదివారు. తర్వాత ఇంట్లో డబ్బుకి కటకటగా ఉండి చదువు మానేసి చిన్నాచితకా పనులు చేశారు. వాటిలో ఒకటి రోడ్డు మీద పెన్నులు అమ్మడం. హిందీ హీరోల గొంతులు పెట్టి, వాళ్ళ పాటలకు వాళ్ళలాగే స్టెప్పులు వేస్తూ అమ్మేవారు.

ఇది వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. రోడ్డు మీద పోయేవాడికి మన పెన్ను అక్కర్లేదు, మన మిమిక్రీ అంతకన్నా అక్కర్లేదు. రెండు మూడు సెకన్లలో వాణ్ణి ఆపలేకపోతే వెళ్ళిపోతాడు. టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడు కాస్త ఓపిక పడతాడు గానీ, బస్సు కోసం పరిగెత్తేవాడు పట్టడు. మీరు మొన్న స్కూల్ వార్షికోత్సవంలో మిమిక్రీ చేస్తే మీ క్లాసువాళ్ళు ముందే నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు. ఆ సుఖం ఆయనకు మొదట్లో లేదు.

తర్వాత హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీ. తండ్రి అందులో ఆపరేటర్, కొడుకూ అక్కడే కూలీగా చేరారు. వంద కిలోల డ్రమ్ములు మోసే పని. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో స్టేజీ ఎక్కి పై అధికారులను అనుకరించారు. కార్మికులంతా విరగబడి నవ్వి, ఇకమీదట నువ్వు జానీ లీవర్‌వి అన్నారట. పేరు అలాగే నిలిచిపోయింది. అధికారిని ఆయన ఎదురుగానే అనుకరించడమంటే మాటలు కాదు సుమా. మోతాదు మించితే ఉద్యోగం పోతుంది, తగ్గితే ఎవరూ నవ్వరు. ఎదుటివాడు కూడా నవ్వేంత వరకే వెళ్ళి అక్కడ ఆగాలి. ఆ ఆగడం ఎవరూ నేర్పరు.

ఆ రోజుల్లో స్టాండప్ కామెడీకి విడిగా షో అంటూ ఉండేది కాదు. ఆర్కెస్ట్రా ప్రోగ్రాములు ఉండేవి. గాయకులు రెండు మూడు పాటలు పాడి కాసేపు గొంతుకు విశ్రాంతి ఇచ్చుకుంటారు, ఆ సందులో మిమిక్రీ ఆర్టిస్టుని పంపేవారు. జనం పాటల కోసం వచ్చినవాళ్ళు. ఈ మనిషి ఎప్పుడు దిగుతాడా, మళ్ళీ పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుంటారు. అక్కడ ఆయన పేరు తెచ్చుకున్నారు. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ తమ బృందంలోకి తీసుకున్నారు. షోలు పెరిగి ఫ్యాక్టరీకి వెళ్ళడం కుదరక 1981లో ఉద్యోగం వదిలేశారు. 1982లో వాళ్ళతోనూ అమితాబ్ బచ్చన్‌తోనూ కలిసి విదేశాల్లో షోలు చేశారు. జోకుల ఆడియో క్యాసెట్లు కూడా వచ్చాయి. మొహం తెలియని ఊళ్ళకు గొంతు ముందే వెళ్ళిందన్నమాట.

సినిమా అవకాశం కూడా అప్పుడే వచ్చింది. సునీల్ దత్ తన 'దర్ద్ కా రిష్తా'లో వేషం ఇచ్చారు, అదీ 1982లోనే. ఆ తర్వాత 1986లో సినీ కార్మికుల సహాయం కోసం పెద్ద పెద్ద తారలతో ఒక షో జరిగింది. అందులో కూడా ఆయన్ని ఖాళీ పూరించడానికే ఎక్కించారు. జనం వదల్లేదు. అది చూసి నిర్మాత గుల్ ఆనంద్ నసీరుద్దీన్ షా హీరోగా తీసిన 'జల్వా'లో (1987) పెట్టుకున్నారు. 1988లో 'తేజాబ్'. ఇన్ని జరిగినా ఇంటింటికీ తెలిసిన నటుడు కావడానికి 1993 దాకా పట్టింది. మొదటి సినిమా నుంచి లెక్కేస్తే పదకొండేళ్ళు.

స్టేజీ మీద అంత పేరున్న మనిషికి ఇంత ఆలస్యం ఎందుకైంది? నాకు తోచింది చెప్తాను. మిమిక్రీకి జనం చప్పట్లు కొట్టేది గుర్తుపట్టినందుకు. అరే, అచ్చం ఫలానా హీరోలాగే ఉందే అని ఆనందం. అందులో సగం పని ఆ హీరో ముందే చేసి పెట్టాడు. సినిమాలో పాత్ర అలా కాదు. ఆ పనివాడెవరో, ఆ హోటల్ మేనేజరెవరో మనకు తెలియదు. తెలియనివాణ్ణి తెలిసినవాడిలా చూపించాలి. వీధిలో ఎక్కడో చూశాం వీణ్ణి అనిపించాలి. మిమిక్రీ నుంచి సినిమాకి వచ్చి, ఆ రెండో పని చేతకాక, పాత గొంతులే పెడుతూ నాలుగు సినిమాలకు మాయమైపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. మన దగ్గరా ఉన్నారు.

ఇంకో కష్టం టైమింగ్. స్టేజీ మీద జోకు వేశాక నవ్వు లేస్తుంది, పైకి వెళ్తుంది, దిగడం మొదలవుతుంది. సరిగ్గా దిగుతున్నప్పుడు తర్వాతి మాట అందుకోవాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగితే మళ్ళీ మొదటినుంచి వెలిగించుకోవాలి. ఇదంతా చెవితో తెలుస్తుంది. సెట్టులో ఏం వింటారు? డైరెక్టర్, కెమెరామన్, లైట్ బాయ్స్, అందరూ తలా ఒక పనిలో ఉంటారు. మొదటి రిహార్సల్‌కి యూనిట్ నవ్వుతుంది, నాలుగో టేక్‌కి వాళ్ళ మొహాలు మొద్దుబారిపోతాయి. అప్పుడు కూడా మొదటిసారి చెప్తున్నట్టే చెప్పాలి. పైగా అప్పటి హిందీ సినిమాల్లో మాటలు చాలావరకు తర్వాత డబ్బింగ్‌లో చెప్పేవే. కొన్ని వారాల తర్వాత చీకటి గదిలో, మైకు ముందు ఒంటరిగా నిలబడి, తెర మీద తన పెదాలకు సరిపోయేలా ఆ తమాషా మొత్తం మళ్ళీ పుట్టించాలి. నవ్వించే పనిలో ఇంతకన్నా నీరసమైన చోటు ఉంటుందా!

అందుకే పాతకాలపు మంచి కమెడియన్లు ఒక ఉపాయం చేసేవారు. గట్టి మాట ఒకటి అన్నాక వెంటనే ఇంకో మాట అనరు. ఆ ఖాళీలో మొహంతోనో చేత్తోనో ఏదో ఒకటి చేస్తారు. ఒక చూపు, ఒక గుటక, చొక్కా సర్దుకోవడం. నిండు థియేటర్లో జనం నవ్వుతుంటే ఆ చేష్ట కనపడకపోయినా నష్టం లేదు. పల్చటి హాల్లో ఎవరూ నవ్వకపోయినా సీన్ చచ్చిపోదు. జానీ లీవర్ సీన్లలో మాటకీ మాటకీ మధ్య చూడండి. ఆ కనుబొమలు, ఆ మెడ తిప్పడం ఊరికే చేసినవి కావు. వినపడని నవ్వుకి చోటు వదలడం అది.

'బాజీగర్' సంగతికి వస్తాను. 1993, దర్శకులు అబ్బాస్ మస్తాన్. షారుఖ్ ఖాన్ పగ తీర్చుకోవడానికి హత్యలు చేసే కథ. మీ వయసుకి కొంచెం భయపెట్టేదే, అమ్మని అడగకుండా పెట్టకండి. ఆ చీకటి కథలో ఇంటి పనివాడు బాబూలాల్. మతిమరుపు మనిషి. ఆ మాటల్లో చాలావరకు అప్పటికప్పుడు తాను కల్పించుకున్నవే అని ఆయనే తర్వాత చెప్పారు. కథకి బాబూలాల్‌తో పెద్దగా పని లేదు. చూసేవాళ్ళకి మాత్రం ఉంది. అంత బిగువు మధ్య ఊపిరి తీసుకోవడానికి ఒక కిటికీ కావాలి. ఆ సినిమా ఆడాక హిందీలో తీసే ప్రతి రెండో సినిమాలో ఆయన కనిపిస్తున్నట్టే ఉండేది.

అప్పట్లో కామెడీ ట్రాక్ అని విడిగా ఉండేది, మన తెలుగు సినిమాల్లో లాగే. అసలు కథ ఒక దారిలో పోతుంది, కమెడియన్ సీన్లు పక్కనే ఇంకో దారిలో. కమెడియన్‌కి సందర్భం చెప్తారు, మాటలు చాలాసార్లు తనే చూసుకోవాలి. స్టేజీ నుంచి వచ్చినవాడికి ఇది వరం. ఎక్కడ నిలబెట్టినా పది నిమిషాలు లాక్కురాగల మనిషి ఆయన, కొద్దిరోజుల కాల్‌షీట్‌లో పని పూర్తయ్యేది కాబట్టి ఏడాదికి అన్ని సినిమాలు చేయగలిగారు. 1995లో 'కరణ్ అర్జున్'లో ఆయన పాత్ర పేరు లింగయ్య. హిందీ సినిమాలో లింగయ్య ఏంటని నాకు భలే ముచ్చటేసింది. 'దీవానా మస్తానా', 'దుల్హే రాజా' సినిమాలకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ హాస్యనటుడి అవార్డులు వచ్చాయి. 'దుల్హే రాజా'లో ఖాదర్ ఖాన్ పక్కన చూడాలి ఆయన్ని. ఎదుటివాడు కూడా గట్టివాడైతే ఆయన అరవరు, వింటారు. వింటున్నప్పుడే ఎక్కువ నవ్వొస్తుంది.

అన్నీ బాగున్నాయని నేను అనను. ఆ వేగంలో చేసినవాటిలో చాలా అరుపులూ గెంతులే. రంగు మీద, నత్తి మీద, లావు మీద వేసే జోకులు అప్పటి సినిమాల్లో మామూలు, ఆయన సినిమాల్లోనూ ఉన్నాయి. అవి ఇప్పుడు చూస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. పైగా స్టేజీకి చివరి వరుసవాడికి కనపడేలా మొహం తిప్పాలి. అదే తిప్పుడు కెమెరా దగ్గరగా పెట్టి చూపిస్తే అతి అయిపోతుంది. ఆ మోతాదు మంచి డైరెక్టర్ ఉంటే కుదిరింది, లేకపోతే తప్పింది.

రెండు వేల సంవత్సరం దాటాక లెక్క మారింది. హీరోలే కామెడీ చేయడం మొదలుపెట్టారు. మాటలన్నీ ముందే రాసుకున్న స్క్రిప్టులు వచ్చాయి. విడిగా ట్రాక్ అనేది తగ్గిపోయింది. ఆయన్ని చూపించే సినిమాలూ తగ్గాయి. విచిత్రం ఏంటంటే సరిగ్గా ఆ కాలంలోనే, 2005లో, టీవీలో లాఫ్టర్ ఛాలెంజ్ లాంటి పోటీలు మొదలై, పాటల మధ్య సందులో నిలబడే కమెడియన్‌కి పూర్తి స్టేజీ దొరికింది. ఆయనకూ టీవీలో సొంత షో వచ్చింది. మరో విషయం, సినిమాలు నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఆయన స్టేజీ షోలు మానలేదు. నవ్వు వినపడే చోటికి అప్పుడప్పుడూ వెళ్ళకపోతే చెవి మొద్దుబారిపోతుందని తెలిసినవాడు మరి!

ఆ తర్వాత వచ్చినవాటిలో నాకు నచ్చింది 2010లో వచ్చిన 'గోల్‌మాల్ 3'. అందులో పప్పీ భాయ్ అనే డాన్. వీడికీ మతిమరుపే. పదిహేడేళ్ళ కిందట బాబూలాల్‌కి ఉన్న జబ్బే డాన్‌కి పెట్టారు. కానీ తేడా చూడండి. పనివాడు మర్చిపోతే తిట్లు తింటాడు, అందుకని బాబూలాల్ మర్చిపోయినప్పుడల్లా మొహంలో బెదురు ఉంటుంది. డాన్ మర్చిపోతే చుట్టూ ఉన్నవాళ్ళకి టెన్షన్, వాడికేం పోయింది? పప్పీ భాయ్ దర్జాగా మర్చిపోతాడు. జబ్బు ఒకటే, మనుషులు ఇద్దరు. పదకొండేళ్ళు పట్టి ఆయన నేర్చుకున్నది ఇదే.

ఆయన కూతురు జేమీ కూడా స్టాండప్ కమెడియనే. ఫ్యాక్టరీలో కార్మికులు పెట్టిన పేరు ఆ అమ్మాయికి ఇంటిపేరైంది, జేమీ లీవర్. 2019లో 'హౌస్‌ఫుల్ 4'లో తండ్రీ కూతుళ్ళిద్దరూ ఉన్నారు. సినిమా అంతంతమాత్రమే, వాళ్ళిద్దరి కోసం చూడొచ్చు.

ఈసారి గోల్‌మాల్ పెట్టుకున్నప్పుడు ఒక పని చేయండి. పప్పీ భాయ్ సీన్ ముందు సౌండ్ తీసేసి చూడండి. తర్వాత కళ్ళు మూసుకుని సౌండ్ మాత్రమే వినండి. రెండిట్లో దేనికి ఎక్కువ నవ్వొచ్చిందో, ఎక్కడెక్కడ వచ్చిందో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. చిన్నోడు ఒకటి రాసి పెద్దది ఇంకోటి రాస్తే ఇద్దరివీ పంపండి, కొట్టుకోవద్దు.

మీ తాతయ్య