తలవైపు రాయి: డెల్టా సమాధుల తోటల్లో తెగని తగువు

క్రైస్తవుల సమాధుల పండుగ ఇంకా పక్షం రోజుల్లోకి వచ్చింది. ఏటా ఈ పాటికి గోదావరి డెల్టాలో సమాధుల తోటలు కలుపు తీయించుకుని, సున్నం పూయించుకుని, నవంబరు 2 సాయంత్రపు కొవ్వొత్తుల కోసం ఎదురుచూస్తుంటాయి. ఈసారి మా ప్రాంతంలో ఒక తోట గేటుకు బోర్డు వేలాడుతోంది: ‘స్థలాభావం వలన ఇకపై సమాధులు కట్టరాదు.’ సిమెంటు దిమ్మలే కాదు, పేరు చెక్కిన చిన్న పలక కూడా కుదరదని పెద్దల మాట. ఊరు రెండుగా చీలింది. కొన్నేళ్ళకొకసారి రాజుకునే ఈ తగువును స్థలం తగువుగానే చూస్తున్నారు. నా దృష్టిలో దీని వేరు 1986 వరదలో ఉంది.

ఆనకట్ట కథ, మిషనరీల కథ ఇక్కడి వారికి కంఠతా వచ్చు గనుక మళ్ళీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం గుర్తు చేయాలి. డెల్టాలో రాయి దొరకదు. ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుక, ఆపైన నీరు. కాటన్ తన ఆనకట్టకు ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి అక్కడి కొండల్లో రాయి చేతికందేలా ఉండటం ఒక కారణం. కాబట్టి ఇక్కడ రాయి ఎప్పుడూ బయటి నుంచి, డబ్బు పెట్టి, మోయించుకుని తెచ్చుకునేదే. 17వ శతాబ్దంలో పాలకొల్లులో స్థిరపడిన డచ్చి వర్తకులు తమ వారికి సమాధి రాళ్ళు చెక్కించగలిగారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు కాలువలు తవ్విన కూలీలకు మిగిలింది మట్టి దిబ్బ. మతం మారిన కుటుంబాలకు దానిపై ఒక కర్ర సిలువ చేరింది. అది నాలుగు వానాకాలాలు నిలిస్తే గొప్ప.

మరి ఎవరి సమాధి ఏదో ఎలా తెలిసేది? మనుషుల జ్ఞాపకంలో. ‘చింతచెట్టుకు తూర్పుగా పది అంగలు, అక్కడి నుంచి కాలువ వైపు నాలుగు’ అని మా నాన్న నాయనమ్మ సమాధిని చూపించేవారు. గొయ్యి తవ్వే పెద్దాయనకు తోట మొత్తం ఇలాగే నోటికి వచ్చేది. ఎవరిని ఎవరి పక్కన, ఏ ఏడు మట్టి చేశారో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. చెట్టూ కాలువ గట్టూ ఉన్నంతకాలం ఆ లెక్క తప్పలేదు.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర గోదావరిలో దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసేది సుమారు 17 లక్షల దగ్గర. దానికి రెట్టింపు వచ్చిందన్నమాట. ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. లంకలు మునిగాయి. చెరువుల వెనకో, గట్టు అవతల పల్లంలోనో, సాగుకు పనికిరాని చోట్లే ఇచ్చిన శ్మశానాలు ఊళ్ళకంటే ముందు మునిగాయి. నీరు తీశాక మా తోటలో చింతచెట్టు లేదు. దిబ్బలూ లేవు. మోకాలి లోతు ఒండ్రు, ఇస్త్రీ చేసిన గుడ్డలా చదునుగా పరుచుకుంది. నాన్న ఆ బురదలో అంగలు వేయబోయి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయారు. ఆ ఏడు నవంబరులో చాలామంది కొవ్వొత్తులు గేటు దగ్గరే గుంపుగా వెలిగించి వెనక్కి వచ్చేశారు.

మా ఊరిలో సిమెంటు వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు దీన్ని ఆడంబరం అంటున్నవారు ఆ మొదటి సమాధులను చూడాలి. మూడు వరుసల ఇటుక, పైన గచ్చు, తలవైపు జానెడు పలక. తడి ఆరకముందే తాపీమేస్త్రి మేకుతో గీసిన పేరు, జననం, మరణం. పుట్టిన తేదీ తెలియని చోట మరణం ఒక్కటే. మేస్త్రి విన్నట్టు రాసిన పేర్లు, ఒత్తులు తప్పిన పేర్లు. ఆ పేర్లలో చాలా వాటికి పట్టా లేదు, దస్తావేజు లేదు, బడి రిజిస్టరు లేదు. జీవితకాలం పరుల పొలంలో పని చేసిన మనిషి పేరు ఆరుబయట, అందరూ చదివేలా రాయడం అదే మొదటిసారి. గ్రానైటు, ఫొటో ముద్రించిన టైల్సు, చలువరాతి సిలువలు తర్వాత వచ్చాయి. కువైట్ వెళ్ళిన ఆడబిడ్డలు పంపిన డబ్బుతో తల్లికి కట్టించినవి వాటిలో ఎన్నో. కడచూపుకు రాలేకపోయిన కూతురు చేయగలిగింది అదొక్కటే.

పెద్దల వాదనలో పస లేదని అనను. ఆరడుగుల దిమ్మ పోస్తే ఆ నేల ఇక మూసుకుపోయినట్టే. మట్టి దిబ్బ అయితే కొన్నేళ్ళకు అదే కుటుంబంలో మరొకరికి పనికొస్తుంది. మోషే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు కదా అని వారు బైబిలు వాక్యం చూపిస్తారు. యాకోబు రాహేలు సమాధి మీద స్తంభం నిలిపిన సంగతి కూడా అదే గ్రంథంలో ఉంది. మా పక్క వీధి ముస్లిం పెద్ద ఒకరు నాతో అన్నది ఇంకా సూటిగా ఉంది. సమాధికి గచ్చు చేయడం, దానిపై కట్టడం ప్రవక్త మాటలు, చేతలు చెప్పే హదీసుల్లో వారించారు. కానీ ప్రవక్త తన సహచరుడు ఉస్మాన్ బిన్ మజూన్‌ను ఖననం చేసిన చోట, గుర్తు తెలియడానికి తలవైపు ఒక రాయి తానే మోసుకొచ్చి పెట్టారని కూడా ఉంది. రాయి వేరు, కట్టడం వేరు. గేటు మీది బోర్డు ఈ రెంటినీ ఒక్క గాటన కట్టేసింది.

స్థలం తరిగింది నిజమే. సమాధుల వల్లనే తరిగిందా? 1990ల నుంచి రొయ్యల చెరువులు వచ్చాక శ్మశానాల అంచులు ఏటా కొంచెం కొంచెంగా చెరువు గట్లలో కలుస్తున్నాయి. ఊటకు గొయ్యి మూడడుగులు దిగకముందే నీరు పడుతోంది. శ్మశానం పోరంబోకు పంచాయతీ అధీనంలోనిదని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. రికార్డులో అలా ఎక్కని తోటల మాటేమిటి? 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలై ఊరూరా హద్దురాళ్ళు పాతుతున్నప్పుడు, ఇది శ్మశానమేనని మా వాళ్ళు చూపించగలిగింది ఆ సిమెంటు పలకలనే. పలకలు లేని తూర్పు అంచును చూపించడానికి ఏమీ లేకపోయింది. 2022 జులైలో మళ్ళీ 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అప్పుడు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసి ఒండ్రు కడిగారు. పేర్లు బయటపడ్డాయి.

ఇప్పుడు రాజీగా ఒక ప్రతిపాదన నలుగుతోంది. దిమ్మలు ఆపేసి, తలవైపు అడుగు వెడల్పు కడప పలక మాత్రం అందరికీ ఒకే కొలతలో అనుమతించడం, ఎవరిని ఎక్కడ మట్టి చేశారో సంఘం పుస్తకంలో వరుస నంబరుతో రాయడం. కుటుంబాలు దాదాపు ఒప్పుకున్నాయి. బోర్డు పెట్టినవారు పండుగ తర్వాత చూద్దామంటున్నారు.

ఈ విషయంలో నాకు పక్షం ఉందని పాఠకులకు తెలియాలి. వరద తర్వాత నాన్న అంచనాగా ఒక చోటు ఎంచి నాయనమ్మకు పలక వేయించారు. ఆమె సరిగ్గా అక్కడ లేకపోవచ్చని ఆయనకూ తెలుసు. అయినా ఏటా అక్కడే కొవ్వొత్తి వెలిగించేవారు. ఈ వేసవిలో ఆయన పోయారు. ఆ పలక పక్కనే భూస్థాపన చేశాం. తలవైపు ప్రస్తుతానికి ఒక కర్ర సిలువ ఉంది. దాని మీద రంగుతో రాసిన పేరులో చివరి రెండక్షరాలు మొన్నటి వానలకే చెరిగిపోయాయి.