రెజిన్ ఫైర్‌ఫైటర్ బస్ట్: కడక్కుండా ప్రైమర్ కొట్టకండి

బస్ట్ అంటే తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మ. రెజిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది) ముక్కలుగా వచ్చే బస్ట్ కిట్లు అతికించి రంగులు వేసివ్వడం నా పని. రిపేరుకని నా దగ్గరికొచ్చే వాటిలో చాలావాటికి ఒకటే జబ్బు, రంగు పెచ్చులు లేవడం. అడిగితే అందరూ ఒకటే మాట చెబుతారు, "మంచి ప్రైమరే వేశానండీ" అని. ప్రైమర్ అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా కొట్టే పూత.

అపోహ: ప్రైమర్ మంచిదైతే కిట్‌ను కడగక్కర్లేదు.

కడగాల్సిందే. రెజిన్‌ను సిలికోన్ మోల్డ్‌లో (అచ్చులో) పోసి ముక్కలు తీస్తారు. ముక్క తేలిగ్గా ఊడి రావాలని, మోల్డ్ నాలుగు కాలాలు మన్నాలని లోపల రిలీజ్ ఏజెంట్ కొడతారు. ఆ జిడ్డు ముక్కకు అంటుకునే వస్తుంది. కంటికి కనబడదు, చాలాసార్లు వేలికి కూడా తెలియదు. ప్రైమర్ ఎంత ఖరీదైనదైనా ఆ జిడ్డు మీద నిలబడుతుందే తప్ప రెజిన్‌ను పట్టుకోదు. మొదట్లో ఏమీ తేడా తెలియదు కాబట్టే ఈ అపోహ ఇంకా బతికుంది.

ఆ మధ్య ఒకాయన న్యూయార్క్ ఫైర్‌ఫైటర్ బస్ట్ ఒకటి తెచ్చాడు. ముఖం నిజంగా బాగా వేశాడు, కళ్ల కింద అలసట కూడా తెలుస్తోంది. కోటు మీద రిఫ్లెక్టివ్ పట్టీ కోసం మాస్కింగ్ టేప్ అతికించి లాగాడట. టేపుతో పాటు భుజం మీది నలుపు, దాని కింద ప్రైమర్, ఉడికిన చామదుంప తొక్కలా వచ్చేశాయి. కింద రెజిన్ నున్నగా మెరుస్తోంది. ముఖంతో సహా అంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. రంగు తీయడానికి లాక్కర్ థిన్నర్‌లో నానబెట్టమని ఎవరో చెప్పారట. దయచేసి ఆ పని చేయకండి. రెజిన్ మెత్తబడితే కనురెప్పల అంచులు పోతాయి, అవి మళ్లీ రావు.

కడగడానికి పట్టేది పది నిమిషాలు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో కాలర్ మడతలు, చెవి వెనకాల, హెల్మెట్ మీది గట్లు రుద్దండి. హెల్మెట్ ముందు ఉండే గద్ద బొమ్మలాంటి చిన్న ముక్కల్ని టీ వడకట్టే జాలీలో వేసి కడిగితే సింకులో పోవు. బాగా ఆరాక వేళ్లతో ముట్టుకోకుండా పుల్లకో సీసా మూతకో గుచ్చి పట్టుకోండి. చేతి జిడ్డు కూడా జిడ్డే.

త్రీడీ ప్రింట్ బస్ట్ అయితే లెక్క వేరు. అందులో రిలీజ్ ఏజెంట్ ఉండదు గానీ గట్టిపడని రెజిన్ మిగిలి ఉండొచ్చు. చేతికి బంకగా తగిలితే గ్లవ్స్ వేసుకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక యూవీ లైట్ కింద పెట్టండి. డొల్లగా ఉన్న తలలో పచ్చి రెజిన్ ఉండిపోతే కొన్నాళ్లకు పగుళ్లిచ్చి కారుతుంది.

అపోహ: అంచు వంగి ఉంటే డూప్లికేట్ కిట్.

ఈ టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అల్లుడు న్యూజెర్సీ నుంచి కిట్ పంపిస్తే, హెల్మెట్ వెనక అంచు వంకరగా ఉందని ఒక పెద్దాయన నిద్ర మానేశారు. "మోసపోయాడా బాబూ, వాడికి చెప్పమంటావా?" అన్నారు. "ఏం కాలేదు అంకుల్, వేడినీళ్లు తీసుకురండి" అన్నాను. ఒక్క నిమిషం ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, చన్నీళ్లలో పెడితే అలాగే నిలిచిపోయింది. పలచటి ముక్కలు ప్రయాణంలో వంగుతాయి. (వేడికి రెజిన్ మెత్తబడుతుంది కాబట్టే కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలన్నది.) సన్నటి బుడగ గుంటలు కూడా మామూలే, పుట్టీతో పోతాయి.

నకలును పట్టించేది వివరం. అసలు ముక్క నుంచి మళ్లీ మోల్డ్ తీసి పోస్తే సైజు కాస్త తగ్గుతుంది, కుట్లు, ముడతలు మొద్దుబారతాయి. చూడాల్సింది అక్కడ.

జిగురు సంగతి. ప్లాస్టిక్ కిట్ల సిమెంట్ రెజిన్‌కు పనికిరాదు, అది పాలీస్టైరిన్‌ను (ఆ కిట్ల ప్లాస్టిక్‌ను) కరిగించి అతికిస్తుంది. సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) గానీ వాడాలి. తలకు, మెడకు మధ్య ఇత్తడి తీగ పిన్ను కూడా పెట్టండి, ఒట్టి సూపర్ గ్లూ దెబ్బకు పుటుక్కుమంటుంది. రంధ్రాలు ఎదురెదురుగా రావాలంటే ఒకవైపు రంగు చుక్క పెట్టి రెండోదాన్ని నొక్కండి, గుర్తు పడుతుంది. హెల్మెట్ మాత్రం చివర్లోనే అతికించండి, ముందే పెడితే కళ్ల దగ్గరికి బ్రష్ వెళ్లదు. కోస్తాలో వానాకాలం సూపర్ గ్లూ చుట్టూ తెల్లటి మసక వస్తుంది, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి కొద్దిగానే వాడండి.

గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్క్ వేసుకోండి. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

అపోహ: ముఖానికి ఎంత మసి పూస్తే అంత రియల్.

బస్ట్ చూసి విలువ కట్టమన్నప్పుడు నేను మొదట చూసేది ఇదే. ఈనాటి ఫైర్‌ఫైటర్ మంటలోకి వెళ్లేది గాలి సిలిండర్, మాస్క్‌తో. మసి పట్టేది మెడకు, హెల్మెట్‌కు, కోటుకు. ముఖం మీద ఉంటే మాస్క్ అంచు గీత తెలియాలి, లోపల శుభ్రంగా ఉండాలి. పైగా ఆ మసి గొప్పతనం కాదు. ఫైర్‌ఫైటర్ వృత్తిలో ఎదురయ్యే వాటిని క్యాన్సర్ కారకాలుగా ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) 2022లో గ్రూప్ 1లో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి జాబితాలో, చేర్చింది.

హెల్మెట్ రంగు కూడా మన ఇష్టం కాదు. న్యూయార్క్‌లో తెల్ల హెల్మెట్ చీఫ్‌లది. హెల్మెట్ ముందుండే షీల్డ్‌లో (దళం పేరు రాసి ఉండే పలకలో) ఇంజిన్ కంపెనీకి, అంటే నీళ్లు కొట్టే దళానికి, నలుపు, నిచ్చెనల దళమైన ల్యాడర్‌కు ఎరుపు, రెస్క్యూకి నీలం. ఎర్ర షీల్డ్ మీద ఇంజిన్ అని రాసి ఉంటే ముఖం ఎంత బాగున్నా తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోతారు. రిఫ్లెక్టివ్ పట్టీలో వెండి భాగానికి మెటాలిక్ రంగు వేయొద్దు, మామూలు వెలుతురులో అది బూడిద రంగులోనే కనిపిస్తుంది.

ధర అడుగుతారు గనుక ఇదీ చెప్పేస్తాను. అతికించి రంగు వేసినంత మాత్రాన విలువ పెరగదు. రంగు సరిగ్గా కుదరకపోతే సీల్ తీయని డబ్బాకే ఎక్కువ పలుకుతుంది. అమ్మే ఉద్దేశం ఉంటే డబ్బా, సూచనల కాగితం పారేయకండి.