వాడని కరెంటును కొలిచేదెలా?

మొన్న ఎండాకాలం మా ఆఫీసులో అందరం మాట్లాడుకుని ఏసీని 22 నుంచి 24కి మార్చాం. తీరా చూస్తే మే బిల్లు ఏప్రిల్ కన్నా ఎక్కువొచ్చింది. "ఇంత ఉక్కలో కూర్చుని ఏం మిగిల్చాం?" అని ఒకటే గోల, మర్నాటికల్లా మళ్లీ 22. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే మేలో ఎండలు ముదిరాయి, 22 మీదే ఉంచి ఉంటే బిల్లు ఇంకెంత వచ్చేదో ఎవరికీ తెలీదు. మీటరు వాడిన యూనిట్లే చూపిస్తుంది, వాడకుండా ఆపినవి చూపించదు.

హైదరాబాద్ దగ్గర పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు ఈ చిక్కును భలేగా విప్పారు. ఒకే భవనాన్ని రెండు సగాలు చేసి, ఒకవైపు బాగా మెరుగుపరిచిన మామూలు ఏసీ, రెండోవైపు శ్లాబులోనే చల్లటి నీళ్ల పైపులు పెట్టారు. రెండు వైపులా పడే ఎండ ఒకటే. రెండేళ్లు కొలిచి చూస్తే పైపుల వైపు చల్లబరచడానికి 34 శాతం తక్కువ కరెంటు పట్టింది.

అయితే ప్రతి భవనానికీ పక్కనే కవలను కట్టలేం కదా. ఆ కవలను లెక్కల్లో తయారుచేసేదే మెషిన్ లెర్నింగ్, అంటే పాత డేటా చూసి కంప్యూటరే తీరును నేర్చుకునే పద్ధతి. మార్పుకు ముందు ఏడాదిపాటు గంటగంటకూ తీసిన మీటరు రీడింగులు, ఆ గంటలో బయటి వేడి, గాలిలో తేమ, అది వారంలో ఏ రోజు, సెలవా కాదా, ఇవన్నీ ఇస్తే ఆ భవనం తీరు దానికి పట్టుబడుతుంది. పగలంతా కాగిన శ్లాబు చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది, కాబట్టి సాయంత్రం ఆరింటి వాడకంలో మధ్యాహ్నపు ఎండకీ వాటా ఉందని అది రీడింగుల్లోంచే నేర్చుకోవాలి. మార్పు జరిగాక, ఈ మే నెల వాతావరణం ఇచ్చి పాత పద్ధతిలో ఎంతయ్యేదో అడుగుతాం. ఆ జవాబుకీ మీటరుకీ ఉన్న తేడానే పొదుపు.

ఇలాంటి అంచనా ఎవరు బాగా వేస్తారో చూద్దామని 2019లో ఏసీ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం అష్రే, 1,448 భవనాల డేటాతో కాగుల్ అనే డేటా పోటీల వెబ్‌సైట్‌లో పోటీ పెట్టింది. ముందు నిలిచినవాళ్లలో ఎక్కువమంది వాడింది ఇంచుమించు ఒకే రకం మోడల్ (అంచనా వేసే లెక్క): ఒక డెసిషన్ ట్రీ, అంటే అవును-కాదు ప్రశ్నల వరస, చేసిన తప్పును తర్వాతిది దిద్దుకుంటూ పోయే పద్ధతి. అసలు తేడా డేటాను శుభ్రం చేయడంలో వచ్చింది. ఒకచోట కరెంటు మీటర్లు 2016 మే 20 దాకా సున్నాలే చూపించాయి. వాతావరణం ఫైలులో ఉన్నది గ్రీనిచ్ టైము, మీటర్లది ఎక్కడికక్కడ స్థానిక టైము. అది గమనించకపోతే కొన్ని ఊళ్లలో మిట్టమధ్యాహ్నపు ఎండ రాత్రిపూట కాసినట్టు ఉంటుంది.

మనకు ఇంకో తిప్పలుంది. ఉగాది ఏటా ఒకే తేదీన రాదు. పండగ సంగతి చెప్పకపోతే మోడల్ ఖాళీ ఆఫీసుకు కూడా పనిరోజు కరెంటే అంచనా వేస్తుంది, అప్పుడు ఆ రోజు లెక్కలో కనిపించే పొదుపంతా అబద్ధమే.

అంచనా కుదిరాక దాంతో రేపటి పని కూడా చేయించుకోవచ్చు. ఇలాగే డేటా సెంటర్లను చల్లబరిచే కరెంటు 40 శాతం దాకా తగ్గిందని గూగుల్ 2016లో ప్రకటించింది. ఆఫీసుల్లో ఇంకా తేలిక: ఇవాళ మబ్బు పట్టింది, ఐదున్నరకే చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఆపేసినా ఆరింటిదాకా గది 25 దాటదని మోడల్ చెబితే ఆపరేటర్ ధైర్యంగా ఆపేయగలడు.

మా ఆఫీసుకు మోడల్‌కి ఇవ్వాల్సిన ఆ పాత రీడింగులే ఇంకా లేవు. అందుకని రోజూ ఉదయం తొమ్మిదికోసారి, సాయంత్రం ఆరింటికోసారి మీటరు రీడింగు, పక్కనే ఆ రోజు ఎండ ఎంతో, ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను.