ఫారం కొడుకుది, జవాబులు తండ్రివి

హనుమకొండలో ఆటిజం పిల్లల తల్లిదండ్రుల మధ్య పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి కారణం ఒక బడిపంతులు. కొడుకును పరీక్షకు తీసుకొచ్చి, ఫారం నింపడం అయ్యాక, నాకూ ఒకటి ఇవ్వండని అడిగాడు. నలభై దాటిన మనిషి. సర్కారు కొలువు, పెళ్లి, ఇల్లు, ఇంటి లోను అన్నీ ఉన్నవాడు. వెయిటింగ్ హాల్లో ఉన్న ఒక తల్లికి ఒళ్లు మండింది. “మా పోరడు ఏడేండ్లొచ్చినా అమ్మా అని పిలువలే. మా పోరనికీ, ఈ సారుకూ ఒకటే పేరెట్ల పెడతరు?” అంది. పంతులు వాదించలేదు. “ఫారంల నా గురించే రాసున్నది” అన్నాడు, అంతే. అప్పటి నుంచి పెద్దవాళ్లకు ఆటిజమేమిటి, ఇది కొత్త ఫ్యాషనా, రేపు సర్టిఫికెట్లూ కోటాలూ వీళ్లే పట్టుకుపోతారా అన్న వాదన ఆగలేదు.

1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది ఆటిజం పిల్లల గురించి రాయడం, మరుసటి ఏడు వియన్నాలో డాక్టర్ హాన్స్ ఆస్పెర్గర్ రాయడం చాలాసార్లు అచ్చయిన కథే, వదిలేస్తున్నాను. తల్లి ప్రేమ చాలక పిల్లలు అలా అవుతారని చెప్పి ఒక తరం తల్లులను ఏడిపించిన సిద్ధాంతాన్నీ వదిలేద్దును గానీ, అది ఇంకా మనల్ని వదల్లేదు. “తల్లి ఫోను చూసుకుంట కూసుంటది, పోరనికి మాటలెట్లొస్తయి” అనే మాట ఇవాళ కూడా అత్తగారి నోట వినిపిస్తూనే ఉంది.

నా లెక్కలో ఇప్పటి గొడవకు మూలం అమెరికాలోనో వియన్నాలోనో లేదు, సికింద్రాబాద్ బోయినపల్లిలో ఉంది. అక్కడి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు పేరు మారి ఎన్ఐఈపీఐడీ అయింది, 2009లో ఒక కొలమానం తయారు చేసింది. ఆటిజం అంచనా కోసం భారతీయ కొలమానం అని దాని పేరు, వాడుకలో ‘ఇసా’. నలభై అంశాలు, ఆరు విభాగాలు. పిల్లవాణ్ని చూసి, తల్లిదండ్రులను అడిగి, ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. అరుదుగా కనిపిస్తే 1, ఎప్పుడూ కనిపిస్తే 5. మొత్తం 70 లోపు ఉంటే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

ఆ నలభైని తెలుగు ఇంట్లో పెట్టి చూస్తే ఇలా ఉంటాయి. పిల్లవాడు దాహమేసి “నీకు నీళ్లు గావాలె” అంటాడు. తనకు కావాలనే అర్థం. అమ్మ అడిగిన “నీకు నీళ్లు గావాల్నా” అన్న మాటను అలాగే తిరిగి ఇస్తున్నాడు. చుట్టం వెళ్తూ “పోయొస్త” అంటే, ఎప్పుడొస్తాడని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంటాడు. అన్నంలో పప్పు ఎప్పుడూ పడే వైపు కాకుండా రెండో వైపు పడితే కంచం తోసేస్తాడు. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుంటాడు, మోకాలు చెక్కుకుపోతే మాత్రం ఏడవడు. ఏ తేదీ ఏ వారమో చెప్తాడు, పక్కింటి పిల్లవాడి పేరు చెప్పలేడు.

ఆ ఫారం ఇసాదే, పంతులు అందులో చదివింది వీటినే. ‘రోజూ ఒకే తీరు కావాలని పట్టుబడతాడా’ దగ్గర ఆగాడు. ‘మాట వెనకాల అసలు ఉద్దేశం పట్టుకోలేకపోతాడా’ దగ్గర మళ్లీ ఆగాడు. స్టాఫ్‌రూంలో అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వడం, ఏ ముచ్చటకు ఎంతసేపు తలూపాలో లోపల లెక్కపెట్టుకోవడం, పెండ్లికి పోయొచ్చిన మర్నాడు చీకటి గదిలో పడుకోవడం గుర్తొచ్చాయి. పాఠం చెప్పడం ఆయనకు సులువు. అక్కడ ఏం మాట్లాడాలో పుస్తకంలో ఉంటుంది. కష్టమంతా ఇంటర్వెల్‌లోనే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నలభైకీ ‘అరుదుగా’ అని పెడితేనే 40 వస్తాయి. పది అంశాల్లో ‘తరచుగా’, అంటే మూడేసి మార్కులు వచ్చి, మిగతావాటిలో ఒక్కొక్కటే వస్తే మొత్తం 60. ఆటిజం లేనట్టే. వచ్చిన మాటలు పోవడం, తనను తాను కొట్టుకోవడం, వింత శబ్దాలు చేయడం వంటి అంశాల్లో పంతులుకు ఒక్కో మార్కుకు మించి పడదు. మిగిలినవాటిలో కూడా బయటికి కనిపించేదానికే మార్కు. నలభై ఏళ్లుగా దాచుకోవడం నేర్చుకున్నవాడికి దాచుకోవడంలో ఎంత నేర్పుంటే అంత తక్కువ మార్కు.

దీనిలో కొలమానం చేసినవాళ్ల తప్పేం లేదు. అప్పటికి అవసరం పిల్లలదే, మన భాషల్లో పనికొచ్చే సాధనం వేరే లేదు. చిక్కంతా తర్వాతి ఏళ్లలో వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు, డీఎస్ఎం-5, తెచ్చింది. ఆస్పెర్గర్ పేరుతో విడిగా ఉన్న నిర్ధారణను తీసేసి అన్నింటినీ ఆటిజం అనే ఒకే వర్ణపటం (స్పెక్ట్రం) కింద చేర్చారన్నది అందరూ రాశారు. నాకు ముఖ్యమనిపించేది మూడో నిబంధనలోని వాక్యం. లక్షణాలు చిన్నతనం నుంచీ ఉండాలి, కానీ నలుగురిలో మెలగాల్సిన బరువు మోయలేనంత అయ్యేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చు, నేర్చుకున్న ఉపాయాల చాటున దాగి ఉండనూ వచ్చు అని దాని సారం. పంతులు కథంతా ఆ వాక్యంలో ఉంది. మూడేళ్ల తర్వాత, 2016 ఏప్రిల్‌లో, మన కేంద్ర ప్రభుత్వం ఆటిజం సర్టిఫికెట్‌కు పద్ధతి నోటిఫై చేసినప్పుడు తీసుకున్నది మాత్రం 2009 నాటి ఇసానే. 2018 మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. నిర్వచనం ముందుకు పోయింది, తూకం పాతదే మిగిలింది.

తల్లుల కోపానికీ చరిత్ర ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో పేరు వచ్చింది గానీ, ఉద్యోగాల కోటా రాలేదు. బుద్ధిమాంద్యం అని రాయించుకుంటే తప్ప సర్టిఫికెట్ దొరకని రోజులవి. లెక్కలు బ్రహ్మాండంగా చేసే పిల్లవాడికి ఆ ముద్ర వేయించుకుని తల్లి ఇంటికొచ్చేది. 2016 డిసెంబర్‌లో చట్టమై 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం వైకల్యాలను 21 చేశాకే ఆటిజానికి తన పేరు తనకు దక్కింది. ఉద్యోగాల్లో 4 శాతంలో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యం పంచుకోవాలి. భూపాలపల్లి నుంచో ఏటూరునాగారం నుంచో పిల్లవాణ్ని చంకనేసుకుని వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వచ్చే తల్లికి ఆ పేరు అంత కష్టపడి దొరికింది. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకుంది.

కానీ పంతులు అడిగింది కోటా కాదు. ఆయనకు కొలువుంది. ఈ సంగతి వాదనలో ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకోటి కూడా పట్టించుకోలేదు. 1977లో బ్రిటన్‌లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ 21 జతల కవలలను పరిశీలించారు. ప్రతి జతలో కనీసం ఒకరికి ఆటిజం. అచ్చుగుద్దినట్టుండే కవలలు 11 జతలు, అందులో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు పోలికల కవలలు 10 జతలు, ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. ఆటిజం దాకా పోకుండా మాటలో, ఆలోచనలో ఏదో ఒక ఇబ్బందిని కూడా కలిపి చూస్తే ఆ 11 జతల్లో 9 జతల్లో ఇద్దరికీ ఉన్నట్టు తేలింది. తల్లి పెంపకం మీది నేరారోపణను కూలదోసిన పరిశోధనల్లో ఇదొకటి. కుటుంబంలో దిగివచ్చేది నిర్ధారణ ఒక్కటే కాదు, దాని పలచటి నీడలు కూడా అని చూపించిందీ ఇదే. బ్రిటన్ మానసిక వైద్యురాలు లోర్నా వింగ్, తానూ ఒక ఆటిజం బిడ్డ తల్లే, 1979లో, 1981లో రాసిన వ్యాసాలతో ఆ నీడలకు ఆటిజం లెక్కలో చోటు దొరికింది. అంటే పంతులు బయటివాడు కాదు. ఆయన కూడా ఆటిజం పిల్లవాడి తండ్రే, అదే వెయిటింగ్ హాల్లో అదే బల్ల మీద కూర్చున్నవాడే.

ఫారాలకు ముందు మన దగ్గర మాటలుండేవి. ‘వాని లోకం వానిది’, ‘మందిల కలువడు’, ‘మొండోడు’, ‘ముభావి’, కోపమొస్తే ‘తిక్కలోడు’. అన్నీ స్వభావం మీద వేసిన ముద్రలే. మా పెద్దబాపు పరకాల సంతకు ఎప్పుడూ ఒకే తొవ్వన పోయేవాడు. తొవ్వకు అడ్డంగా పెండ్లి పందిరి వేస్తే చుట్టూ తిరిగి పోడు, ఇంటికొచ్చేస్తాడు, ఆ వారం సంత లేనట్టే. బ్యాండు మోగితే పశువుల కొట్టంలోకి పోయి కూర్చునేవాడు. ఊళ్లో ఎవరి భూమి ఏ సర్వే నంబరో కాగితం చూడకుండా చెప్పేవాడు. ఊరు ఆయన్ని గమ్మతి మనిషి అంది, పెళ్లి కూడా చేసింది. పెద్దమ్మ ఏం పడిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. చనిపోయిన మనిషికి ఇప్పుడు పేరు పెట్టే ఉద్దేశం లేదు. ఆయనకు కావలసిందల్లా పందిరి సంగతి ముందురోజు చెప్పే మనిషి ఒకరు.

ఆడవాళ్ల సంగతి మరీ చాటున ఉండిపోయింది. ఆడపిల్ల తక్కువ మాట్లాడితే బుద్ధిమంతురాలు, తల దించుకుంటే సంస్కారం. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. అడుగు ఒకటే, చప్పట్లు ఒకటే, పాట తెలిసిందే. పాట అయిపోయి వాయినాలు పంచుకుంటూ ముచ్చట్లలో పడ్డాకే తోవ తప్పుతుంది. పెండ్లయి అత్తగారింటికి పోయాక కూర రుచి, నిద్ర వేళ, మంచం, ఇంటి వాసన అన్నీ ఒక్కరోజులో మారతాయి. డీఎస్ఎం చెప్పిన మోయలేని బరువు మన దగ్గర చాలామందికి అప్పుడే మీద పడుతుంది. ‘పొగరు’ అన్న మాట కూడా అప్పుడే పడుతుంది.

అయితే ముచ్చట్లు నచ్చని ప్రతివారికీ ఆటిజం కాదు. ఫోన్లో తిరుగుతున్న 50 ప్రశ్నల పరీక్ష 2001లో కేంబ్రిడ్జ్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం చేసింది. అందులో 32 దాటినంత మాత్రాన నిర్ధారణ కాదు, వైద్యుణ్ని కలవాలా అని ఆలోచించుకోవడానికి మాత్రమే. ఆందోళన, నలుగురి భయం ఉన్నవారికీ అందులో మార్కులు పడతాయి. చూసుకోవలసింది చిన్నతనం. పదో తరగతి తర్వాతో, ఒక దెబ్బ తగిలాకో మొదలైతే దారి వేరు. ఇంట్లో, బడిలో, చుట్టాల్లో అంతటా ఉందా, ఒక్కచోటేనా అన్నదీ చూడాలి. కళ్లలోకి చూడకపోవడాన్ని మన దగ్గర గుర్తుగా పట్టుకోవడం నాకు ఎప్పుడూ అనుమానమే. పెద్దల కండ్లలోకి సూటిగా చూడకు అని పెంచేది మనమే కదా.

పంతులు ఇంట్లో ఏం మారిందో కూడా చెప్పాలి, గొడవలో అది రాలేదు. 2012లో డేమియన్ మిల్టన్, ఆయనా ఆటిజం ఉన్నవాడే, ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని రాశాడు. ఆ పేరు పంతులు భార్య వినలేదు గానీ, “జర ఇల్లు చూడు” అనడం మానేసి “ఆరింటికి నల్లా వస్తది, రెండు బిందెలు పట్టు” అనడం మొదలుపెట్టింది. బిందెలు నిండుతున్నాయి.

ఆయన ఫారం మాత్రం ఇంకా నిండలేదు. చిన్నతనం గురించి చెప్పే మనిషి కావాలన్నారు. నాన్న లేడు, పరకాల దగ్గర ఊళ్లో తల్లి ఉంది, డెబ్భై దాటిన మనిషి. కొడుకు చిన్నప్పుడు ఎట్లుండె అని అడిగితే ఆమె చెప్పింది ఒక్కటే: “మంచిగుండె బిడ్డా. ఎవ్వల జోలికి పోయేటోడు కాదు. ఒక్కడే ఆడుకునేటోడు, పొద్దుందాక.”