నా గుండెలో గానుగెద్దు దారి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోనులో చిన్నవాడు "తాతయ్యా, నీ గుండెను నిజంగానే కాల్చారా?" అని అడిగితే మీ అమ్మ వాడిని కసిరింది. కసరవలసిన పని లేదు, అది అడగదగిన ప్రశ్నే. రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాల్చిన మాట నిజమే, గుండె అతివేగంగా కొట్టుకునే నా జబ్బుకు చేసిన ఆ చికిత్సను అబ్లేషన్ అంటారు. అయితే ఆ రోజు క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఆసుపత్రిలో ఆ చికిత్స చేసే గదిలో, నేను గడిపిన ఐదు గంటల్లో ఎక్కువ భాగం ఎక్కడ కాల్చాలో వెతకడానికే పట్టిందని డాక్టరుగారు తరువాత చెప్పారు. నాకు ఆ వెతుకులాటే గొప్పగా తోచింది.

గుండెలో పై గదులు రెండూ కర్ణికలనీ, కింది గదులు రెండూ జఠరికలనీ మీరు పాఠంలో చదివే ఉంటారు. కుడి కర్ణిక పైభాగాన ఉండే సైనస్ నోడ్, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆ సంకేతం కర్ణికలను దాటి, నడుమ ఉన్న ఏవీ నోడ్ దగ్గర సెకనులో పదో వంతు ఆగి, అక్కడి నుంచి సన్నని తంతువుల వెంట జఠరికల గోడలంతటా దాదాపు ఒకేసారి పరుచుకుంటుంది. గోడలన్నీ కలిసి పిండినప్పుడే రక్తం బలంగా బయటికి వెళుతుంది.

తొమ్మిదేళ్ల కిందట నాకు గుండెపోటు వచ్చినప్పుడు ఎడమ జఠరిక గోడలో కొంత కండరం రక్తం అందక చచ్చిపోయి, దాని చోట మచ్చ కట్టింది. మచ్చలోంచి విద్యుత్తు పారదు. అదంతా గట్టి మచ్చే అయితే సంకేతం దాన్ని చుట్టుకుని తన దారిన పోయేది. కానీ ఆ మచ్చలో అక్కడక్కడ చావకుండా మిగిలిన సన్నని కండర పోగులు ఉంటాయి. వాటి గుండా సంకేతం నత్తలా పాకుతుంది. అది అవతలి కొసన బయటపడేసరికి చుట్టుపక్కల కండరం తన విశ్రాంతి ముగించుకుని మళ్లీ స్పందించడానికి సిద్ధంగా ఉంటుంది. దాంతో సంకేతం అటు వ్యాపించి, చుట్టు తిరిగి, మళ్లీ అదే పోగు మొదటికి చేరుతుంది. మీరు గానుగ చూడలేదు గానీ, నా చిన్నతనంలో మా ఊళ్లో నువ్వులు ఆడే గానుగకు కట్టిన ఎద్దు పొద్దస్తమానం ఒకే చాలులో తిరిగేది. నా గుండెలో సంకేతం తిరిగింది అలాగే. ఒక్కో చుట్టుకు సెకనులో మూడో వంతు పడితే నిమిషానికి 180 చుట్లు, చుట్టుకొకసారి జఠరికలు కొట్టుకుంటాయి. దీన్నే వెంట్రిక్యులర్ టాకికార్డియా అంటారు, వైద్యులు పొట్టిగా వీటీ అంటారు. అంత వేగంలో జఠరికలు రక్తంతో నిండే వ్యవధి ఉండదు. రక్తపోటు పడిపోయి మనిషి కూలిపోతాడు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

నా భుజం కింద ఉబ్బెత్తుగా కనిపించే ఐసీడీ, అంటే గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న పరికరం, ఈ ప్రమాదానికి కాపలా. మిషెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుడు పట్టుబట్టి సాధించిన ఈ పరికరాన్ని 1980లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. వరండాలో నేను కూలబడిన రోజున నన్ను లేపింది దాని షాకే. అయితే షాక్ తిరుగుతున్న ఎద్దును ఆపుతుందే తప్ప చాలును చెరపదు. గుండె లయను అదుపుచేసే అమియోడరోన్ మాత్రలు కొంత పనిచేశాయి, కానీ వాటివల్ల నా థైరాయిడ్ దెబ్బతిన్నది.

చాలునే చెరిపే ప్రయత్నం మొదట కత్తితో జరిగింది. 1970ల చివర్లో ఫిలడెల్ఫియాలో మార్క్ జోసెఫ్‌సన్, ఆల్డెన్ హార్కెన్ అనే ఇద్దరు, ఒకరు దారిని గుర్తించగా మరొకరు గుండె తెరిచి మచ్చ లోపలి పొరను ఒలిచి తీసేవారు. 1980లలో ఆ పని రక్తనాళం ద్వారా పంపే క్యాథెటర్ అనే సన్నని గొట్టానికి మారింది. మొదట్లో పెద్ద విద్యుత్ షాక్ ఇచ్చేవారు, తరువాత అదుపులో ఉండే రేడియో తరంగాల వేడి వచ్చింది.

నా విషయంలో గజ్జ దగ్గరి రక్తనాళం గుండా క్యాథెటర్‌ను ఎడమ జఠరికలోకి పంపారు. దాని కొస గోడను తాకిన ప్రతిచోటా విద్యుత్ బలాన్ని కొలుస్తూ పోతే తెరమీద గుండె పటం తయారవుతుంది. 1.5 మిల్లీవోల్టులకు మించితే ఆరోగ్యమైన కండరం, 0.5 కంటే తగ్గితే దట్టమైన మచ్చ. ఆ రెంటి మధ్య సరిహద్దుల్లో, మచ్చ లోపల, అన్నిటికంటే ఆలస్యంగా వినిపించే చిన్న చిన్న సంకేతాల కోసం వెతుకుతారు. అవే నత్తనడక పోగుల జాడలు. జాడ దొరికిన చోట, చల్లటి సెలైన్ కారుతుండే క్యాథెటర్ కొసతో అర నిమిషమో నిమిషమో వేడి పుట్టిస్తారు. కండరం 50 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ కొన్ని మిల్లీమీటర్ల మేర చచ్చిపోతుంది, దారి మూసుకుపోతుంది. చివరగా గుండెను కావాలనే రెచ్చగొట్టి, వీటీ మళ్లీ పుడుతుందేమో పరీక్షిస్తారు.

లోపలి నుంచి దారి దొరకని గుండెలూ ఉన్నాయి. బ్రెజిల్‌లో నల్లివంటి ఒక పురుగు ద్వారా వ్యాపించే చాగస్ వ్యాధిలో మచ్చ తరచు గుండె వెలుపలి వైపున ఉంటుంది. సావో పాలోలో ఎడ్వార్డో సోసా, రొమ్ము ఎముక కింద నుంచి సూదితో గుండె పైపొర సంచిలోకి క్యాథెటర్ పంపే పద్ధతిని 1996లో ప్రకటించారు. పేద పల్లెల రోగులను బాగుచేయడానికి పుట్టిన ఆ పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

మీ దగ్గర ఏదీ దాచను. 2024లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, గుండెపోటు తరువాత వీటీ వచ్చిన 416 మందిని రెండు జట్లు చేసి నాలుగేళ్లకు పైగా గమనించారు. మరణమో, ఐసీడీ షాకో, వీటీ పదేపదే రావడమో, అలాంటిదేదో ఒకటి మందుల జట్టులో 60.6 శాతం మందికి, అబ్లేషన్ జట్టులో 50.7 శాతం మందికి జరిగింది. మేలు ఉంది, కానీ సగం మందికి కష్టం తప్పలేదు. ఈ చికిత్సలో రక్తస్రావం, పక్షవాతం, గుండె చుట్టూ రక్తం చేరడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. అవన్నీ విన్నాకే నేను సంతకం పెట్టాను. మచ్చ లేని ఆరోగ్యమైన గుండెలో ఒకే చుక్క నుంచి వీటీ పుట్టే వయసు పిల్లల సంగతి వేరు, వారిలో ఎక్కువ మందికి ఈ చికిత్సతోనే నయమవుతుంది. నాలాంటివాళ్లకు మచ్చలో మరో దారి తెరుచుకోవచ్చు, అందుకే ఐసీడీ అలాగే ఉంది.

కాబట్టి సెలవులకు వచ్చినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. నేను ఉలిక్కిపడి మళ్లీ మామూలుగా మాట్లాడితే, అది షాక్ కావచ్చు, అమ్మమ్మకు చెప్పండి, ఆమె డాక్టరుకు ఫోన్ చేస్తుంది. వెంటవెంటనే రెండోసారి జరిగినా, నేను పలకకపోయినా 108కి ఫోన్ చేయండి. పలకకుండా, ఊపిరి సరిగా తీయకుండా పడి ఉంటే పెద్దవాడు నా ఛాతీ నడుమ రెండు చేతులు వేసి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. ఆ సమయంలో ఐసీడీ షాక్ ఇచ్చినా నీ చేతికి కాస్త జివ్వుమనవచ్చు, అంతే. నీకేమీ కాదు, చేతులు తీయకు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య