మినీ హైడల్ ధరల గొడవకు మూలం 2001 ఉత్తర్వే

విద్యుత్ కొనుగోలు ఒప్పందం(పీపీఏ)లో ఒకసారి రాసుకున్న ధరను విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్‌సీ) మార్చొచ్చా? ఈ వాదన లేచిన ప్రతిసారీ మినీ హైడల్ (చిన్న జలవిద్యుత్) ప్లాంట్లు కట్టిన డెవలపర్లు 1997 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వులను చూపిస్తారు. యూనిట్‌కు రూ.2.25, ఏటా 5 శాతం పెంపు అని అప్పుడు చెప్పిన మాట నిజమే. చూడాల్సింది మాత్రం 2001 జూన్ 20 నాటి ఈఆర్‌సీ ఉత్తర్వు.

1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో ధర ఖరారు చేసే అధికారం సచివాలయం దాటి కమిషన్ చేతికి వచ్చేసింది. కమిషన్ పాత ధరనే కొనసాగించింది. దాంతోపాటు మెలికలూ పెట్టింది. కరెంటు బయటివాళ్లకు అమ్మకూడదు, ప్రభుత్వ విద్యుత్ సంస్థ ట్రాన్స్‌కోకే ఇవ్వాలి. 2004 ఏప్రిల్ 1 నుంచి ధర సమీక్షకు లోబడి ఉంటుంది. ప్లాంటు పదేళ్లు నడిచాక మరోసారి లెక్క చూస్తారు. తర్వాత డెవలపర్లు సంతకాలు పెట్టింది ఈ షరతుల మీదే.

బయోమాస్ ప్లాంటు ఇంధనంగా ఊక, కంప కొనాలి. వాటి రేటు పెరిగితే కరెంటు రేటూ పెరగాలనడంలో న్యాయముంది. కాలువ డ్రాపు (నీళ్లు కిందికి దూకే చోటు) మీద కట్టిన మినీ హైడల్‌కు ఇంధనం ఖర్చే లేదు. ఖర్చంతా కట్టేటప్పుడే, అప్పు తీరేకొద్దీ యూనిట్ వ్యయం దిగాలి. 1994-95ను మొదటి ఏడాదిగా తీసుకున్న 5 శాతం లెక్కన ధర మాత్రం 2003-04 నాటికి మూడున్నర రూపాయల దగ్గరికి ఎక్కింది. కట్టేది వినియోగదారుడే కదా!

2004 మార్చి 20న కమిషన్ కొత్త ధరలు ఇచ్చింది. ప్రభుత్వ మాట నమ్మి పెట్టుబడి పెట్టామన్న డెవలపర్లతో, కమిషన్ ఉత్తర్వులపై అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రైబ్యునల్ 2006లో ఏకీభవించింది. సుప్రీంకోర్టు 2010 జులై 8న దాన్ని తోసిపుచ్చి, కొనుగోలు ధరపైనా కమిషన్‌కు అధికారం ఉందని తేల్చి, లెక్కలు మళ్లీ చూడమని కమిషన్‌కే పంపింది.

2019లో పవన, సౌర పీపీఏల ధరలు తగ్గించడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే సంప్రదింపుల కమిటీ వేసింది. అది వేరే కథ. అక్కడ చెయ్యి వేసింది కమిషన్ కాదు, సర్కారు. ఆ జీవో హైకోర్టులో నిలబడలేదు.

డెవలపర్లు అంతగా తలచుకోని కేసు ఇంకొకటుంది, 2016లో గుజరాత్‌ది. విద్యుత్ లైను అనుకున్నదానికన్నా చాలా పొడవు వేయాల్సి వచ్చిందని, ధర పెంచమని ఒక చిన్న జలవిద్యుత్ సంస్థే కమిషన్‌కు వెళ్లింది. ఒప్పందం ముట్టుకోకూడదని అక్కడ అడ్డుపడింది కరెంటు కొనే ప్రభుత్వ సంస్థ. సుప్రీంకోర్టులో గెలిచింది డెవలపరే.