ఒట్టిపోయిన రెండు నెలల మేత

గుంటూరు నుంచి తాడికొండ వెళ్లే దారిలో ఒక కొట్టం. పక్కపక్కనే రెండు జెర్సీ సంకర ఆవులు. పాలిస్తున్నదాని తొట్టిలో నానబెట్టిన పత్తి చెక్క, తవుడు. రెండోది ఎనిమిదో నెల చూడిది. దాని ముందు వరిగడ్డి తప్ప ఏమీ లేదు. ఎందుకని అడిగితే ఆ రైతు తడుముకోకుండా చెప్పారు: "ఈనాక పెడతామండీ. ఒట్టిపోయినదానికి దాణా ఎందుకు?"

ఈ మాటను తెలియనితనం కింద కొట్టిపారేయడం తేలిక. కానీ అందులో ఒక లెక్క ఉంది, అది ఈ రైతు ఒక్కడూ వేసుకున్న లెక్క కాదు.

ఈ ప్రాంతంలో ఆవును పెంచింది ప్రధానంగా ఎద్దు కోసం. 1970లో ప్రకాశం జిల్లా విడిపోయే దాకా ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనిదే. ఒంగోలు ఆవు దగ్గర దూడ తాగగా మిగిలిన పాలే ఇంటికి. అది చూడితో ఉన్నా జొన్న చొప్ప, వరి కోతల తర్వాత మాగాణిలో మొలిచిన పిల్లిపెసర, జనుముతోనే నెట్టుకొచ్చేది. ఇంట్లో దాణా ఉంటే అరక లాగే ఎద్దుకో, పాలిచ్చే గేదెకో పోయేది. ఇప్పటికీ ఇక్కడ పాడి అనగానే ముందు గుర్తొచ్చేది గేదే, ఆవు ఆ తర్వాతే.

సంకరీకరణ 1960ల నుంచి ఊపందుకుంది. జెర్సీ, హోల్‌స్టీన్ అనే విదేశీ జాతుల రక్తం సూది (కృత్రిమ గర్భధారణ) ద్వారా ఊళ్లలోకి వచ్చింది. 1970లో శ్వేత విప్లవ పథకం, 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, ఆ దశకంలోనే వడ్లమూడిలో సంగం డెయిరీ. ఊరూరా పాల కేంద్రాలు వెలిశాయి. ఉదయం, సాయంత్రం వెన్న శాతం చూసి పాలకు డబ్బు కట్టే పద్ధతి రైతుకు నిజంగా మేలు చేసింది. చాలా చోట్ల దాణా బస్తా అప్పుగా ఇచ్చి, ధరను పాల బిల్లులో కోసుకునేవారు. ఒట్టిపోయిన ఆవుకు బిల్లే ఉండదు కాబట్టి దాని పేర బస్తా రాదు. పాలను బట్టి దాణా అన్న అలవాటు ఇక్కడే గట్టిపడిందని నా అనుమానం.

మరోవైపు మేత తగ్గుతూ వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మెట్ట పొలాల రూపు మారింది. జొన్న వేసిన చోట పత్తి, మిరప వచ్చాయి. డెల్టా మాగాణిలో పిల్లిపెసర స్థానాన్ని మినుము ఆక్రమించింది. పేరున్న ఎల్‌బీజీ మినుము రకాలు గుంటూరు దగ్గరి లాం పరిశోధన క్షేత్రంవే. ఒంగోలు జాతి మీద పరిశోధన జరిగిన లాంలోనే పశుగ్రాసపు నేలను తీసుకున్న పంట కూడా తయారు కావడం తమాషా. చివరికి మిగిలింది వరిగడ్డి. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే.

ఇక శాస్త్రం సంగతి. మన పశుపోషణ పట్టికలు మొదట యూరప్, అమెరికా లెక్కల మీద ఆధారపడ్డాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1985లో పోషక అవసరాల ప్రమాణాలు ప్రచురించి, 2013లో సవరించింది. చూడి విషయంలో కీలకమైనది చివరి మూడు నెలలు. దూడ బరువులో దాదాపు మూడింట రెండు వంతులు అప్పుడే పెరుగుతుంది. ఆవు ఒంటికి పట్టిన శక్తిలో గర్భానికి ఖర్చయ్యే ప్రతి 100 పాళ్లలో దూడగా, మాయగా నిలిచేది సుమారు 13 పాళ్లే, మిగతాది వేడిగా పోతుంది. పాలకైతే 60 పాళ్లకు పైగా పాలలోకే చేరుతుంది. ఇంగ్లిష్ ఛానెల్‌లోని జెర్సీ ద్వీపం నుంచి వచ్చిన జాతి రక్తమున్న ఆవు, గుంటూరు మే నెల ఎండలో, కడుపులో ఈ కుంపటిని మోయాలి. పైగా గర్భం పెరిగేకొద్దీ పొట్టలో చోటు తగ్గి గడ్డి తినడం తగ్గుతుంది. అంటే మేత చిక్కగా ఉండాల్సిన సమయానికే పలచబడుతోంది. తొలిచూలు ఆవైతే ఇంకా తానే ఎదుగుతుంటుంది.

లోటును ఆవు తన కండ కరిగించి పూడ్చుకుంటుంది. అందుకే ఆ నష్టం వెంటనే కనబడదు. ఈనాక పాలు ఆశించినంత రాకపోవడం, నెలలు గడిచినా ఎదకు రాకపోవడంగా బయటపడుతుంది. అప్పుడు తప్పు సూది మీదికో, జాతి మీదికో పోతుంది.

ఎక్కువ మేపితే ఈనడం కష్టమని పెద్దవాళ్లు భయపడడం కూడా ఉత్తిదేం కాదు. కొవ్వెక్కిన ఆవు ఈనాక మేత సరిగా తినదు, కాలేయంలో కొవ్వు చేరి కీటోసిస్ అనే జబ్బు వస్తుంది. 1980లలో ఆవు ఒంటి తీరుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే పద్ధతి రావడానికి ఇదీ ఒక కారణం. ఈనే నాటికి మూడు, మూడున్నర మధ్య ఉంటే మంచిది: పక్కటెముకలు చేతికి తగలాలి, దూరం నుంచి లెక్కపెట్టేలా తేలకూడదు.

తాడికొండ దారిలోని ఆ ఆవుకు నాలుగు ఎముకలు దూరం నుంచే లెక్కకొచ్చాయి. చివరి రెండు నెలలు మామూలు మేతకు అదనంగా రోజుకు కిలోన్నర దాణా అంటే మొత్తం 90 కిలోలు, రెండు బస్తాలకు తక్కువే. ఆ మాట చెబితే రైతు కాసేపు తొట్టి వైపు చూసి, "ఆ రెండు బస్తాలు ఎవరి బిల్లులో కోసుకుంటారండీ?" అన్నారు.